బండి రాని చోటు

16 ఏప్రిల్ 2023, ఆదివారం

నైట్ డ్యూటీ దిగి గల్లీలో అడుగు పెట్టేసరికి తొమ్మిదయింది. చాయ్ బండి దగ్గర అందరి నోటా ఒకటే మాట, బోర్‌ఘాట్ బస్సు. నిన్న తెల్లారుజామున పాత ముంబై–పుణే రోడ్డు మీద, శింగ్రోబా గుడి దగ్గర, గోరేగావ్ డోలు–తాషా మేళం పిల్లల బస్సు లోయలో పడింది. పుణేలో వాయించి ఇళ్లకు వస్తున్నారు. పదమూడు మంది పోయారు.

మా కొండరక్షక బృందం వాట్సాప్‌లో నిన్న చీకటి ఉండగానే మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను క్యాజువాల్టీలో ఉన్నాను, చూసుకునేసరికి పొద్దెక్కింది. ఖోపోలీ, లోణావళా కుర్రాళ్లు అప్పటికే తాళ్లు కట్టి లోయలోకి దిగిపోయారు. ఘాట్‌లో ఏం జరిగినా వరుస ఇదే. మొదట చేరేది ఆ ఊళ్లవాళ్లు. ఒకడికి హార్డ్‌వేర్ దుకాణం, ఒకడు రిక్షా తోలుతాడు, ఒకడు బడిపంతులు. జీతం లేదు, భత్యం లేదు, తాడు కూడా సొంతంగా కొనుక్కున్నదే.

శింగ్రోబా కథ నాయినకు తెలుసు. శింగ్రోబా ధన్‌గర్ గొర్రెల కాపరి. ఘాట్‌లో దారి ఎక్కడ పడుతుందో తెల్లదొరలకు చూపించాడనీ, చూపించాక వాళ్లే చంపేశారనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. డ్రైవర్లు ఇప్పటికీ గుడి దగ్గర చిల్లర విసిరి పోతారు. అదే ఘాట్‌లో రైలుదారి 1863లో పూర్తయింది, ఇరవై అయిదు సొరంగాలు. కాంట్రాక్టు పట్టిన సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో వచ్చిన కొద్ది రోజులకే జబ్బుచేసి పోతే, ఆయన భార్య అలీస్ ఆ పని పూర్తి చేయించింది. కూలీలు మాత్రం వేలకు వేలు పోయారు, కలరాతో, జ్వరాలతో, బండలు పడి. ఇదంతా చెబితే జీవితమంతా సెంట్రింగ్ పని చేసిన నాయిన, "మేస్త్రి పేరన్నా రాసిన్రా?" అని అడిగాడు.

17 ఏప్రిల్, సోమవారం

నిన్న ఖార్‌ఘర్‌లో అవార్డు సభ. మిట్టమధ్యాహ్నం మైదానంలో లక్షల మంది ఎండలో కూర్చున్నారు. వడదెబ్బతో చాలామంది పోయారు. లెక్క ఇంకా పెరిగేట్టుంది.

వడదెబ్బకు మందు నీళ్లే. ముందు చల్లబరచాలి, తర్వాతే బండెక్కించాలి. బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి, విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. మన జనం ముందు బండి కోసం పరిగెత్తుతారు, నీళ్లు తర్వాత గుర్తొస్తాయి.

7 మే, ఆదివారం

కర్జత్ దగ్గర గుట్ట మీద ప్రాక్టీసు.

ఈ పని చూడ్డానికి వచ్చేవాళ్లందరికీ తాడంటే మోజు. హార్నెస్ తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, కొండ అంచు నుంచి వెనక్కి వాలితే ఫోటో బాగా వస్తుంది. నిజానికి తాడు పని ముప్పావుగంటలో అయిపోతుంది. మిగిలిన ఐదారు గంటలూ మోత. చీకట్లో, రాళ్ల మీద, చిన్న చిన్న కాలువలు దాటుకుంటూ ఒక మనిషిని కింది ఊరిదాకా మోసుకుపోవాలి. ఒకసారికి ఆరుగురు పట్టాలి. గట్టిగా నడిచినా పావుగంట తిరగకుండానే చేతులు పోతాయి కాబట్టి వెనక ఇంకో ఆరుగురు, వాళ్ల వెనక మరో ఆరుగురు ఉండాలి. అంటే ఒక కాలు విరిగితే పద్దెనిమిది మంది. స్ట్రెచర్ కింద పెట్టకుండానే చేతులు మారాలి.

ఇవాళ పేషంటు వేషం నాది. కట్టేసి పడుకోబెట్టారు, తల కదలకుండా రెండు పక్కలా చుట్టిన టవళ్లు పెట్టారు. అలా పడుకున్నవాడికి కనిపించేది ఆరుగురి గడ్డాలు, వాటి మధ్య చెట్ల కొమ్మలు. ఒకడి చెమట నా చెంప మీద పడింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఎవడో జారితే స్ట్రెచర్ ఒక పక్కకు ఒరిగింది, ప్రాణం గొంతులోకి వచ్చింది. తల దగ్గర నడిచే అమ్మాయి మాత్రం ఆగకుండా చెబుతూనే ఉంది, "ఇప్పుడు ఎడమకి తిరుగుతున్నాం, ఇప్పుడు మెట్టు దిగుతున్నాం, కాళ్లలో స్పర్శ ఉందా, ఏలు కదుపు" అని. ఆమెకు వేరే పని ఇవ్వరు. కట్లూ సెలైన్లూ సగం వైద్యమైతే మిగతా సగం ఆ మాట్లాడడం. క్యాజువాల్టీలో మాకు అంత తీరిక ఎక్కడిది?

తొడ ఎముక విరిగితే లోపలే లీటరు, లీటరున్నర రక్తం పోతుంది. బయటికి చుక్క కనిపించదు. కటి ఎముక విరిగితే ఇంకా ఎక్కువ. అప్పుడు నడుము కింద, రెండు తొడల ఎముకలు బయటికి తగిలే చోట, గట్టి గుడ్డతో బిగించి కట్టాలి. దానికి బెల్టులు అమ్ముతారు, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. మేం సోలాపూర్ చద్దరు వాడతాం. మన పద్మశాలీలు నేసింది, నలుగురు నాలుగు వైపులా లాగినా చిరగదు. మడిచి కడితే బెల్టు, రెండు వెదురు కర్రలు దూర్చితే స్ట్రెచర్, వానలో కప్పితే దుప్పటి. గుడారం సంచిలో అన్నింటికన్నా బరువైన వస్తువు అదే, అయినా నేను దించను.

విదేశాల్లో దీనికి సర్కారు దళాలుంటాయని మావాళ్లు అనుకుంటారు. ఇంగ్లండు కొండల్లోనూ చేసేది స్వచ్ఛంద బృందాలే, దొరికినవాడి దగ్గర పైసా తీసుకోవు. అన్ని దేశాల కొండరక్షకుల సంఘం ఒకటి 1948 నుంచీ ఉంది. ఇక్కడ మహారాష్ట్రలో పర్వతారోహకుల సంఘాలు కలిసి ఒక సమన్వయ కేంద్రం పెట్టుకున్నాయి. ఒకే ఫోన్ నంబరు, ఏ గుట్ట మీద ఎవరు ఇరుక్కున్నా దగ్గరి బృందానికి కబురు పోతుంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ రోజూ పాడే పాటే. "గుట్టలెక్కుడేంది కొడుకా, మనం గుట్టల కోసమే బొంబాయి వచ్చినమా?" మాలావత్ పూర్ణను చూపించాను. మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, భువనగిరి బండ మీద నేర్చుకుని. అమ్మ ఫోటో చాలాసేపు చూసి, "ఆ పిల్ల ఎక్కింది. నువ్వు మోస్తున్నవ్" అంది.

జవాబు దొరకలేదు.

28 మే, ఆదివారం రాత్రి

మా చాలి మేడలో మూడో మాలా (అంతస్తు) పెద్దవ్వకు ఊపిరి ఆడడం లేదని పదకొండింటికి తలుపు కొట్టారు. పోయి చూస్తే మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది, పెదాలు నల్లగా, కాళ్లు ఉబ్బి. గుండె జబ్బు పాతదే. ఛాతీలో నీళ్ల చప్పుడు చెవికే వినిపిస్తోంది.

అంబులెన్స్ నాకా దగ్గర ఆగిపోయింది. గల్లీలో రెండు పక్కలా హాత్‌గాడీలు, స్కూటర్లు, మధ్యలో పెళ్లి మండపం కర్రలు. డ్రైవరు స్ట్రెచర్ తెచ్చాడు, కింది మెట్ల దగ్గరే తెలిసిపోయింది అది పైకి రాదని. మా చాలి మెట్లు ఎలాంటివో ఇక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. చెక్క మెట్లు, ఒక మనిషి పట్టేంత వెడల్పు, నిచ్చెనలా నిటారు. పట్టుకోవడానికి పైనుంచి తాడు వేలాడుతుంది, వందేళ్ల చేతులు రాసుకుని నూనె పెట్టినట్టు మెరుస్తుంది. దాన్ని పట్టుకునే నేను నడక నేర్చుకున్నాను.

నలుగురు కుర్రాళ్లు అప్పటికే పెద్దవ్వను చద్దరులో పడుకోబెట్టి మోద్దామని సిద్ధంగా ఉన్నారు. పడుకోబెడితే నీళ్లు ఊపిరితిత్తులనిండా పరుచుకుంటాయి, కిందికి చేరేలోపే ప్రాణం పోతుంది. ఇలాంటి మనిషిని కూర్చోబెట్టే మోయాలి. చెక్క కుర్చీ తెప్పించాను. ఒక చద్దరు నడుముకు, ఒకటి మోకాళ్లకు. కాళ్లు ముందు, తల వెనక. కుర్చీ వీపు ఒకడు పట్టాడు, ముందు కాళ్లు ఇద్దరు పట్టారు, వాళ్లకన్నా రెండు మెట్లు కింద నేను వెనక్కి నడుస్తూ మెట్టు మెట్టూ చెప్పాను. "ఆగు. ఇప్పుడు. ఆగు. ఇప్పుడు." మలుపు దగ్గర కుర్చీ తిరగలేదు. గోడకున్న మీటర్ల పెట్టె అడ్డం. కుర్చీని ఒరగనివ్వకుండా ఎత్తి, పెట్టె మీదుగా దాటించాల్సి వచ్చింది. పెద్దవ్వ నా భుజం పట్టుకుని, "ఇడిచిపెట్టకు బిడ్డా" అని మాత్రం అంది.

రోడ్డు చేరేసరికి నలభై నిమిషాలు. అక్కడినుంచి ఆసుపత్రి ఎంత దూరం? అటు నాయర్, ఇటు జేజే, ఎటు పోయినా బండిలో పది నిమిషాలు.

అడవిలో వైద్యం గురించి మాకు నేర్పే పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది, ఆసుపత్రికి చేరడానికి గంటకు పైగా పట్టే చోటల్లా అడవి కిందే లెక్క అని. కామాఠీపురా నడిబొడ్డున మూడో మాలా ఆ లెక్కకు పది నిమిషాలే తక్కువ. కామాఠీపురా అనగానే బయటివాళ్లకు ఒకటే గుర్తొస్తుంది, సినిమావాళ్లకు మరీను. ఈ ఊరి రోడ్లు, వంతెనలు, మేడలు కట్టిన కామాటీల పేరే ఈ పేటకు వచ్చిందని ఎవరూ అడగరు. కట్టినవాళ్లు ఉన్న ఇళ్లకే బండి రాదు.

(పెద్దవ్వకు తెల్లారేసరికి తేలికైంది. ఉదయం ఫోన్ చేస్తే చాయ్‌లో చక్కెర వెయ్యరా వీళ్లు అని తిట్టింది.)

11 జూన్, ఆదివారం

వానకాలం ముందు పాము, తేలు క్లాసు. పాముకాటు పాఠం పాతదే, అయినా ఏటా చెప్పాల్సిందే. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. కాటు తిన్న కాలినో చేతినో విరిగిన ఎముకలా కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, నాలుగింటికీ విరుగుడు ఒకటే సూది. ఏ పామో తెలియకపోయినా ఫరవాలేదు, చంపి సంచిలో తేనక్కర్లేదు. పింజరి కాటని అనుమానముంటే మేం చేసే పరీక్ష చిన్నది. పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాలి. వంచితే నీళ్లలా కారిందంటే గడ్డకట్టడం లేదని అర్థం.

నాయిన కూర్చుని అంతా విని, "కట్టు కట్టొద్దంటవా? మా ఊళ్ల గట్టిగ కట్టకపోతే తిట్టేటోళ్లు" అన్నాడు. కట్టిన కాలు నల్లబడి తీసెయ్యాల్సి వచ్చినవాళ్లను వార్డులో చూశానని చెప్పాను. ఆయన తలాడించాడు కానీ ఒప్పుకోలేదు.

తేలు దగ్గరికి వస్తే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గురించి చెప్పకుండా ఎలా? మహాడ్ దగ్గర బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1976లో చేరాడు. కొంకణ్ ఎర్రతేలు కుడితే అప్పట్లో పిల్లలు టపటపా రాలిపోయేవారు. కుట్టినచోట నొప్పి ఒక్కటే కాదు, ఒంటికి చెమటలు, వాంతులు, చేతులు చల్లబడడం, ఆపైన గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లోకి నీళ్లు. బావస్కర్ పేషంట్ల పక్కనే రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటీ రాసుకున్నాడు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చవక మాత్ర ఇక్కడ పనికొస్తుందని కనిపెట్టాడు. పల్లెటూరి సర్కారు దవాఖానా నుంచి రాసిన కాగితాలు లండన్ లాన్సెట్‌లో అచ్చయ్యాయి. వందకు ముప్పై నలభై మంది పోయే చోట ఒక్కరికి వచ్చింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, చాలా ఆలస్యంగా.

కొండ వైద్యం అంటే హెలికాప్టర్లు అనుకునేవాళ్లకు ఈ కథే చెబుతాను. ఒక మాత్ర, ఒక నోటుపుస్తకం, నిద్రపోని డాక్టరు.

25 జూన్, ఆదివారం

ఇవాళ వాన దిగింది. ముంబైకీ ఢిల్లీకీ ఒకే రోజు రుతుపవనాలు రావడం 1961 తర్వాత ఇదే మొదటిసారట. గల్లీలో మోకాళ్లదాకా నీళ్లు, పిల్లలకు పండగ.

ఇక మాకు సీజన్. వాన పడగానే నగరమంతా జలపాతాల మీద పడుతుంది. సాయంత్రం దారి తప్పిన కాలేజీ పిల్లలు ఫోన్ చేశారని కబురు. మంచు కమ్మేసి ఎటు దిగాలో తెలియడం లేదు. ఫోన్ ఎత్తినవాళ్లు అడిగే వరుస ఇది: ఎంతమంది, ఎవరికన్నా దెబ్బలా, బ్యాటరీ ఎంత ఉంది, లొకేషన్ పంపండి, మిగతావాళ్ల ఫోన్లు ఆపేయండి, ఉన్నచోటనుంచి కదలకండి. కదలకండి అన్నది మాత్రం పదిసార్లు చెప్పాలి. కుర్రాళ్లకు కాలు నిలవదు, కింద దీపం కనిపిస్తే అటే దిగుతారు. మధ్యలో కొండ అంచు ఉంటుందని తట్టదు. కిందటేడు మే నెలలో లోణావళా దగ్గర నాగ్‌ఫణి గుట్టకు ఢిల్లీ కుర్రాడు ఒంటరిగా వచ్చి దారి తప్పాడు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. రోజుల తరబడి వెతికితే లోయలో శవం దొరికింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేరళ పాలక్కాడ్‌లో కొండ చీలికలో ఇరుక్కున్న కుర్రాడు కూర్చున్నచోటే రెండు రోజులు కూర్చున్నాడు. సైన్యం వచ్చి తాడుతో పైకి లాగింది, బతికాడు.

ఇవాళ్టి పిల్లలు మాట విన్నారు. కింది ఊరి ఠాకర్ ఆదివాసులు ఇద్దరు టార్చి పట్టుకుని పోయి నడిపించుకొచ్చారట. తాడూ వద్దు, స్ట్రెచరూ వద్దు. పేపర్లో రాదు.

16 జూలై, ఆదివారం

గల్లీలో బోనాలు. పసుపు, వేపాకు, డప్పు. అమ్మ బోనమెత్తుకుని నడుస్తుంటే నేను వెనకాల నీళ్ల బాటిల్‌తో. వానలో దీపం ఆరకుండా చెల్లె గొడుగు పట్టింది.

ఇదే తారీఖున 2019లో డోంగ్రీలో కేసర్‌బాయి బిల్డింగ్ కూలింది. మా ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. గల్లీలోకి జేసీబీ పోలేదు, అంబులెన్స్ బయటే ఆగింది. జనం వరసగా నిలబడి చేతులమీదుగా ఇటుకలు అందించుకున్నారు. శిథిలాల కింద చిక్కినవాళ్ల విషయంలో ఒకటి జనానికి తెలియదు. బండ కింద గంటలకొద్దీ నలిగిన తొడలో కండ చచ్చి విషం తయారవుతుంది. బండ ఉన్నంతసేపూ అది అక్కడే ఆగి ఉంటుంది. బండ ఎత్తగానే రక్తంలోకి దూకి గుండెను ఆపేస్తుంది, లేదంటే రెండు రోజుల్లో కిడ్నీలను. అప్పటిదాకా బాగా మాట్లాడినవాడు బయటికి తీయగానే పోయాడని అందరూ విధి అనుకుంటారు. 1941లో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు బైవాటర్స్ అనే డాక్టరు దీన్ని గుర్తుపట్టి రాశాడు. చేయాల్సింది ఏమిటంటే, బండ ఎత్తకముందే సెలైన్ ఎక్కించాలి. మనిషి ఇంకా లోపల ఉండగానే, చెయ్యి ఒక్కటి అందినా చాలు.

20 జూలై, గురువారం

రాత్రి ఇర్షాల్‌వాడి మీద కొండ కూలింది. రాయగడ్ జిల్లా, ఇర్షాల్‌గడ్ కోట కింద ఠాకర్ ఆదివాసుల వాడ. మేం ఎన్నోసార్లు ఆ ఇళ్ల మధ్యనుంచే గడ్ ఎక్కాం, మజ్జిగ తాగాం. రోడ్డు లేదు. కిందినుంచి గంటకు పైగా ఎక్కితే గానీ ఊరు రాదు. ఊరి బడిలో ఉన్న కుర్రాళ్లే మొదట కేకలు వేశారని అంటున్నారు. యశ్వంతీ హైకర్స్ బృందంవాళ్లు రాత్రే పోయారు. హెలికాప్టర్లు సిద్ధంగా ఉన్నా మబ్బుకు ఎగరలేదు. యంత్రాలు ఎక్కలేవు. అంతా పారలూ గడ్డపారలూ చేతులే.

సిస్టర్‌ను బతిమాలి రెండు రోజులు డ్యూటీ మార్పించుకున్నాను.

22 జూలై, శనివారం

నిన్న తెల్లారి పోయి ఇవాళ మధ్యాహ్నం దిగాను. ఒళ్లంతా బురద, ఇంకా పోలేదు.

పైన మట్టి తవ్వడానికి వందలమంది ఉన్నారు. నన్ను సగం దారిలో, ప్లాస్టిక్ షీటు కింద కూర్చోబెట్టారు, ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ చూడమని. మొదట మనసు ఒప్పలేదు, ఇంతదూరం వచ్చింది దీనికా అనిపించింది. కానీ అక్కడ పనికి కొదవ లేదు. జారి చీలమండ బెణికినవాళ్లు, రేకు కోసుకుని చెయ్యి తెగినవాళ్లు, పొద్దుటినుంచి ఏమీ తినకుండా నీళ్లు మోసి కళ్లు తిరిగినవాళ్లు. ఇరవై అయిదు డిగ్రీల్లో చలితో వణికిపోయే మనుషులు. తడిబట్ట, గాలి, అలసట కలిస్తే మంచు అక్కర్లేదు, ఒళ్లు చల్లబడిపోతుంది. మాట తడబడితే కూర్చోబెట్టి, తడిబట్ట విప్పించి, పొడి చద్దరు కప్పి, బెల్లం చాయ్ ఇచ్చాను. రక్షించడానికి పోయినవాళ్లను కూడా ఎవరో చూసుకోవాలి. మొన్న నవీ ముంబై అగ్నిమాపక దళం అధికారి ఒకరు ఆ కొండ ఎక్కుతూనే గుండెపోటుతో పోయారు.

యాభై ఏళ్ల మనిషి ఒకాయన వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. దెబ్బలేవీ లేవు. నాడి చూశాను, బాగానే ఉంది. ఎందుకొచ్చారని అడిగితే మరాఠీలో చెప్పాడు, తన ఇల్లు చివరిదనీ, దాన్ని మట్టి ముట్టలేదనీ, తమ్ముడిది మధ్యలో ఉండేదనీ. చాయ్ ఇస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని చేతులు వెచ్చబెట్టుకున్నాడు. నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడడం సగం వైద్యమని మేలో రాసుకున్నాను, పక్కన కూర్చుంటే చాలిన రోజులూ ఉంటాయి.

24 జూలై, సోమవారం

నిన్న వెతకడం ఆపేశారు. ఇరవై ఏడు శవాలు దొరికాయి, యాభై ఏడు మంది జాడ లేదు. వాసన, అంటురోగాల భయం, మళ్లీ కొండ జారే ప్రమాదం. ఊరి మీద మట్టిని అలాగే వదిలేస్తారు. బతికినవాళ్లు మొదటి కొన్ని గంటల్లో తోటివాళ్లు లాగినవాళ్లే. ఆ ఊరు కొండచరియల ప్రమాదం ఉన్న ఊళ్ల జాబితాలో లేదని అసెంబ్లీలో చెప్పారు. 2014లో మాళిణ్‌లో నూట యాభై మందికి పైగా పోయారు, 2021లో తళియే పోయింది. జాబితా మాత్రం ఎప్పుడూ కొండకన్నా వెనకే ఉంటుంది.

13 ఆగస్టు, ఆదివారం

చాలి పెద్దలతో మాట్లాడాను. మెట్లమీద మోత నేర్పిస్తానంటే మొదట నవ్వారు. "ఇంకెన్నాళ్లు రా, రీడెవలప్‌మెంట్ వస్తే అందరికీ లిఫ్టులే" అని ఒక కాకా. చిన్నప్పటినుంచీ వింటున్నాను ఆ మాట. టవర్ వచ్చినా, కరెంటు పోయిన రోజున, నిప్పు అంటుకున్న రోజున మెట్లే గతి. అప్పుడు మూడు మాలాలు కాదు, ముప్పై.

పెద్దవ్వ మా తరఫున మాట్లాడింది. కుర్చీలో దిగిన మనిషి కాబట్టి ఆమె మాటకు విలువ. నాయిన ఇంకో ఉపాయం చెప్పాడు, మలుపు దగ్గర మీటర్ల పెట్టెను మూరెడు పైకి జరిపిస్తే కుర్చీ తిరుగుతుందని. యాభై ఏళ్లు ఇళ్లు కట్టినవాడి కన్ను. కరెంటువాళ్లకు అర్జీ రేపు ఇస్తాం.

కింద నల్లబోర్డు మీద రాయడానికి నోటీసు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా:

"చాలి వాళ్లందరికీ. వచ్చే ఆదివారం పొద్దున 8 గంటలకు మెట్ల దగ్గరికి రావాలె. జబ్బు మనిషిని కిందికి ఎట్ల దించాలో చూపిస్తం. ఇంటికొక చద్దరు తేవాలె, చెక్క కుర్చీ ఉంటే అది కూడా. మెట్లమీద చెప్పుల స్టాండ్లు, డబ్బాలు, సైకిళ్లు అన్నీ తీసెయ్యాలె. ఫోన్ నంబర్లు ఫోన్‌లో ఎక్కించుకోవాలె: అంబులెన్స్ 108, పోలీసు, ఫైరు 112, గుట్టల్లో ఇరుక్కుంటే 7620230231. ఆడవాళ్లు తప్పకుండా రావాలె. పగలు చాలిలో ఉండేది మీరే, మోయాల్సింది కూడా మీరే."